మెట్ట కృష్ణాలో వార్ధక్యం: అసమానత, శ్రేయస్సు - జగ్గయ్యపేట, నందిగామ ప్రాంతాల నేపథ్యంలో ఒక వివరణ

వ్యాస సంగ్రహం:

వార్ధక్యం అందరికీ వచ్చేదే అయినా అందరికీ ఒకే విధంగా రాదు. అరవై ఏళ్ళు దాటిన వ్యక్తి ఆదాయం, ఆరోగ్యం, కుటుంబంలో మాట చెల్లుబాటు, మనశ్శాంతి అప్పటికప్పుడు ఏర్పడేవి కావు. బాల్యం నుంచి పోగుపడుతూ వచ్చిన అవకాశాలు, లోపాల ఫలితమే వార్ధక్యం. ఈ అవగాహనను సామాజికశాస్త్రం ఎలా రూపొందించుకుందో, అది కృష్ణా మెట్ట ప్రాంతమైన జగ్గయ్యపేట, నందిగామలకు ఎలా అన్వయిస్తుందో ఈ వ్యాసం వివరిస్తుంది. సాగునీరు, స్త్రీల ఆస్తిహక్కు, సామాజిక పింఛను, పోషణ చట్టం అనే నాలుగు అంశాల ఆధారంగా అసమానత పోగుపడే తీరును, శ్రేయస్సును తెలుగులో కొలవడంలో ఎదురయ్యే చిక్కులను పరిశీలిస్తుంది.

కీలక పదాలు: వార్ధక్యం, అసమానత, శ్రేయస్సు, జీవితగమనం, మెట్ట ప్రాంతం, మనోవర్తి, పింఛను, జగ్గయ్యపేట, నందిగామ.

1. ఉపోద్ఘాతం:

2011 జనగణన నాటికి దేశ జనాభాలో అరవై ఏళ్ళు, అంతకు మించినవారు 8.6 శాతం. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో వారి వాటా 9.8 శాతం. కేంద్ర ప్రభుత్వ సాంకేతిక బృందం వేసిన జనాభా అంచనాల ప్రకారం 2021 నాటికి దేశంలో ఇది 10.1 శాతం కాగా ఆంధ్రప్రదేశ్‌లో 12.4 శాతం. 2031 నాటికి రాష్ట్రంలో 16.4 శాతానికి చేరుతుందని అంచనా. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో రాష్ట్ర సంతానోత్పత్తి రేటు 1.7గా నమోదైంది. స్థానిక ఎన్నికల్లో పోటీకి ఉన్న ఇద్దరు పిల్లల నిబంధనను 2024లో రాష్ట్ర శాసనసభ తొలగించడం వెనుక ఈ ఆందోళనే ఉంది.

ఈ అంకెలు వృద్ధులు ఎందరో చెబుతాయి గాని, ఎలాంటి వృద్ధులో చెప్పవు. చర్చ అంతా సంఖ్య చుట్టూ తిరిగినప్పుడు వృద్ధులందరూ ఒకే వర్గమనే భావన బలపడుతుంది. ప్రభుత్వోద్యోగం చేసి విశ్రాంత వేతనం తీసుకునే వ్యక్తి, మిరప కోతలకు వెళ్ళే డెబ్బై ఏళ్ళ కూలీ స్త్రీ, పిల్లలు అమెరికాలో ఉండగా పెద్ద ఇంట్లో ఒంటరిగా మిగిలిన దంపతులు గణాంకపట్టికలో ఒకే గడిలో కూర్చుంటారు. ఆ గడిని విప్పి చూడడమే అసమానత అధ్యయనాల పని.

2. ప్రాంత నేపథ్యం - సగటులో కలిసిపోయిన మెట్ట:

కృష్ణా జిల్లాను స్థానికులు ఎప్పటి నుంచో డెల్టా, మెట్ట అని రెండుగా చెప్పుకుంటారు. విజయవాడ వద్ద కృష్ణపై ఆనకట్ట 1855లో పూర్తయింది. దాని దిగువ ప్రాంతం అప్పటి నుంచి కాలువ నీటితో పండింది. ఎగువన ఉన్న నందిగామ, జగ్గయ్యపేట ప్రాంతాలకు పక్కనే కృష్ణ, మునేరు, పాలేరు పారుతున్నా, పెద్ద ఎత్తున కాలువ నీరు రావడానికి నాగార్జునసాగర్ వరకు ఆగవలసి వచ్చింది. 1955 డిసెంబరులో శంకుస్థాపన జరిగిన ఆ ప్రాజెక్టు కాలువలకు 1967 ఆగస్టులో నీరు వదిలారు. సాగర్ ఎడమ కాలువ నల్లగొండ, ఖమ్మం ప్రాంతాలను దాటి కృష్ణా మెట్టకు చేరుతుంది. అంటే ఈ ప్రాంతం కాలువ చివర ఉంది. 2014 రాష్ట్ర విభజన తరువాత కాలువ ఎగువ భాగం తెలంగాణలో, చివరి ఆయకట్టు ఆంధ్రప్రదేశ్‌లో మిగిలాయి.

నీటితో పాటు ఈ ప్రాంత బతుకును మలచినవి ప్రధానంగా మూడు: పత్తి, మిరప వంటి పెట్టుబడి ఎక్కువైన పంటలు, సున్నపురాయి నిక్షేపాల వల్ల జగ్గయ్యపేట పరిసరాల్లో నెలకొన్న సిమెంటు కర్మాగారాలు, హైదరాబాదు - విజయవాడ జాతీయ రహదారి. రహదారి ఒకవైపు చదువుకున్న పిల్లలను నగరాలకు, విదేశాలకు తీసుకుపోయింది. మరోవైపు 2014-15లో కృష్ణకు ఆవలి గట్టున అమరావతి రాజధాని ప్రకటన వెలువడిన తరువాత ఈ ప్రాంతంలో భూమి విలువ కుటుంబ చర్చల్లో ముఖ్యాంశమైంది. వృద్ధుల జీవితంపై ఈ రెంటి ప్రభావం తక్కువది కాదు.

పరిశోధన దృష్ట్యా ఇక్కడ ఒక చిక్కు ఉంది. 2022 ఏప్రిల్ 4 వరకు మెట్ట ప్రాంతం కృష్ణా జిల్లాలో డెల్టాతో కలిసి ఉంది. ఆ తరువాత ఎన్టీఆర్ జిల్లాలో విజయవాడ నగరంతో కలిసింది. మొదటి సందర్భంలో డెల్టా, రెండవ సందర్భంలో నగరం జిల్లా సగటును ప్రభావితం చేస్తాయి. రెండు సందర్భాలలోనూ మెట్ట సొంత స్థితి జిల్లా అంకెలో కనిపించదు. కాబట్టి జిల్లా సగటు ఆధారంగా నందిగామ వృద్ధుల గురించి తీర్మానించడం శాస్త్రీయం కాదు.

3. జీవితగమన దృష్టి - అసమానత పోగుపడే తీరు:

1974లో గ్లెన్ ఎల్డర్ అమెరికా మహామాంద్యం కాలపు పిల్లలపై చేసిన అధ్యయనం జీవితగమన దృష్టికి పునాది వేసింది. ఒక చారిత్రక సంఘటన అందరినీ తాకినా, ఏ వయసులో తాకిందన్న దానిని బట్టి ఫలితం మారుతుందని ఆ దృష్టి చెబుతుంది. తొలి అనుకూలత మరిన్ని అనుకూలతలను తెచ్చిపెడుతుందని రాబర్ట్ మెర్టన్ 1968లో శాస్త్రవేత్తల గుర్తింపు విషయంలో వివరించారు. డేల్ డానఫర్ వంటి సామాజికశాస్త్రవేత్తలు ఆ భావనను వార్ధక్యానికి అన్వయించారు. ఒకే సంవత్సరంలో పుట్టినవారి మధ్య తేడాలు వయసుతో పాటు పెరుగుతూ పోతాయన్నది దీని సారాంశం. వడ్డీ మీద వడ్డీ పెరిగినట్లు లాభమూ పెరుగుతుంది, లోపమూ పెరుగుతుంది.

3.1. నీరు వచ్చిన వయసు:

1950లో పుట్టిన ఒక తరాన్ని ఉదాహరణగా తీసుకోవచ్చు. 2025 నాటికి వారికి 75 ఏళ్ళు. సాగర్ కాలువలకు నీరు వదిలేనాటికి వారి వయసు 17. డెల్టాలో పుట్టిన వ్యక్తికి బాల్యంలోనే కాలువ పంట, దానితో వచ్చిన తిండి, బడి అందుబాటులో ఉన్నాయి. మెట్టలో పుట్టిన వ్యక్తి బాల్యం వర్షాధారంగా గడిచింది. చదువుకునే వయసు దాటుతుండగా నీరు వచ్చింది. నీరు వచ్చిన తరువాత కూడా లాభం సమంగా పంచబడలేదు. భూమి ఉన్నవారికి పంట, భూమి విలువ రెండూ పెరిగాయి. భూమి లేనివారికి పనిదినాలు పెరిగాయి. పనిదినాల ఆదాయం ఏనాటికానాడు ఖర్చయిపోయేది. భూమి మాత్రం వార్ధక్యం వరకు నిలిచే ఆస్తి. మొదట్లో చిన్నదిగా కనిపించిన ఈ తేడా యాభై ఏళ్ళ తరువాత రెండు భిన్నమైన వార్ధక్యాలుగా తేలింది.

కౌలురైతు స్థితి ఈ రెంటికీ మధ్య ఉంది. అతడు పత్తికి, మిరపకు పెట్టుబడి పెడతాడు, నష్టం భరిస్తాడు. భూమి మాత్రం మిగలదు. 2019 నాటి పంట సాగుదారుల హక్కుల చట్టం పదకొండు నెలల సాగు ఒప్పందానికి గుర్తింపు ఇస్తున్నా, అందుకు యజమాని అంగీకారం అవసరం. పైగా అది సాగుకాలపు రక్షణే గాని వృద్ధాప్యపు రక్షణ కాదు.

3.2. స్త్రీ - చట్టం ఆలస్యంగా చేరిన తరం:

1951 జనగణనలో దేశంలో స్త్రీల అక్షరాస్యత 9 శాతం లోపే. ఆ కాలంలో పల్లెల్లో పుట్టిన ఆడపిల్లకు చదువు అరుదు. ఆస్తి విషయంలో కథ మరింత స్పష్టం. ఉమ్మడి కుటుంబ ఆస్తిలో కుమార్తెకు కుమారుడితో సమానంగా జన్మహక్కు ఇచ్చిన ఆంధ్రప్రదేశ్ సవరణ చట్టం 1985 సెప్టెంబరు 5 నుంచి అమల్లోకి వచ్చింది. దేశంలో ఇలాంటి తొలి సంస్కరణల్లో ఇది ఒకటి. అయితే ఆ తేదీకి ముందే వివాహమైన కుమార్తెలకు అది వర్తించలేదు.

1950లో పుట్టిన స్త్రీకి 1985 నాటికి 35 ఏళ్ళు. ఆ తరంలో దాదాపు అందరికీ అప్పటికే పెళ్ళిళ్ళు అయిపోయాయి. అంటే నేటి వృద్ధ స్త్రీలలో అధిక భాగం ప్రగతిశీలమైన ఆ చట్టం పరిధికి బయటే ఉండిపోయారు. 2005లో కేంద్రం చేసిన సవరణ వివాహితులనే మినహాయింపును తొలగించింది. 2020లో వినీతా శర్మ కేసులో సుప్రీంకోర్టు ఆ హక్కు పుట్టుకతోనే వస్తుందని స్థిరపరచింది. కాని 2004 డిసెంబరు 20కి ముందే చట్టబద్ధంగా జరిగిన పంపకాలను ఆ సవరణ కదిలించలేదు. అప్పటికే ఆస్తులు పంచుకున్న కుటుంబాల్లో ఈ తరం స్త్రీకి చట్టం వచ్చినా భూమి రాలేదు.

దీనికి వైధవ్యం తోడవుతుంది. భర్త వయసు భార్యకంటే ఎక్కువగా ఉండడం, స్త్రీల ఆయుర్దాయం పురుషులకంటే ఎక్కువ కావడం వల్ల జీవితపు చివరి ఏళ్ళు ఒంటరిగా గడిపేది ఎక్కువగా స్త్రీలే. చదువు లేక, పేరు మీద భూమి లేక, భర్త లేక గడిచే ఆ ఏళ్ళలో ఒక్కొక్క లోపం మరొక లోపాన్ని పెంచుతుంది. ఈ స్థితికి ‘స్త్రీ’ అన్న ఒక్క కారణం చాలదు. కులం, భూమి, చదువు, వైవాహిక స్థితి కలిసి చూసినప్పుడే వివరణ పూర్తవుతుంది.

3.3. పనిచేసిన చోటు:

సిమెంటు కర్మాగారంలో శాశ్వత కార్మికుడికి భవిష్యనిధి, గ్రాట్యుటీ ఉంటాయి. అదే ప్రాంగణంలో బస్తాలు మోసే కాంట్రాక్టు కార్మికుడికి పని రికార్డే సరిగా లేకపోతే వార్ధక్యంలో చూపించడానికి ఏమీ ఉండదు. 1995 నాటి ఉద్యోగుల పింఛను పథకంలో కనీస మొత్తం 2014 సెప్టెంబరు నుంచి నెలకు వెయ్యి రూపాయలే. పొలం కూలీకి ఆ మాత్రమూ లేదు. 2005లో వచ్చిన ఉపాధి హామీ చట్టం పనికి గరిష్ఠ వయసు పెట్టలేదు. అది వృద్ధులకు ఆసరా అయింది. అదే సమయంలో ఆ వయసులో మట్టి పనికి వెళ్ళవలసిన అవసరాన్ని కూడా అది బయటపెట్టింది. ‘వృద్ధాప్యంలో పనిచేస్తున్నారు’ అన్న వాక్యానికి రెండు అర్థాలున్నాయి. ఇష్టంతో చేసే పని శ్రేయస్సుకు సూచిక. గతిలేక చేసే పని అసమానతకు సూచిక. సర్వేలో రెండూ ఒకే సమాధానంగా నమోదవుతాయి.

4. శ్రేయస్సు - కొలత, భాష:

ఆదాయాన్ని రూపాయల్లో కొలవవచ్చు. శ్రేయస్సును వ్యక్తినే అడిగి తెలుసుకోవాలి. 1965లో హాడ్లీ కాంట్రిల్ ప్రతిపాదించిన నిచ్చెన పద్ధతిలో అత్యుత్తమ జీవితం పై మెట్టు, అధమ జీవితం కింది మెట్టు అయితే మీరు ఏ మెట్టు మీద ఉన్నారని అడుగుతారు. ప్రపంచ ఆరోగ్యసంస్థ జీవన నాణ్యత ప్రశ్నావళి సంక్షిప్త రూపంలో 26 ప్రశ్నలున్నాయి. ఇవి ఎంతో ఉపయోగపడ్డాయి. అయితే వాటిలో దాగిన సమస్యను అమర్త్య సేన్ ఎత్తిచూపారు.

బెంగాల్ కరువు తరువాత 1944లో కలకత్తా సమీపంలోని సింగూరులో జరిగిన ఆరోగ్య పరిశీలనలో భార్యను కోల్పోయిన పురుషుల్లో 48.5 శాతం తాము అనారోగ్యంగా ఉన్నామని చెప్పగా, వితంతువుల్లో ఆ మాట చెప్పినవారు 2.5 శాతమే. వితంతువులు ఆరోగ్యంగా ఉన్నారని దీని అర్థం కాదు. తమ బాధను బాధగా లెక్కించుకునే అలవాటు వారికి లేకుండా పోయిందని సేన్ వివరణ. ఆయుర్దాయం ఎక్కువగా ఉన్న కేరళలో జబ్బులు ఎక్కువగా నమోదు కావడం, తక్కువగా ఉన్న బీహారులో తక్కువగా నమోదు కావడం కూడా ఇలాంటిదే. లేమికి అలవాటుపడిన మనసు కోరికను తగ్గించుకుంటుంది. అప్పుడు ‘సంతృప్తి’ అనే సమాధానం అసమానతను కప్పిపుచ్చే తెర అవుతుంది.

తెలుగులో ఈ సమస్య మరింత సూక్ష్మం. సుఖం, సంతోషం, తృప్తి, క్షేమం, శ్రేయస్సు అనేవి పర్యాయపదాలు కావు. కఠోపనిషత్తు శ్రేయస్సును, ప్రియమైనదానిని వేరుచేసి చూపింది. పాత ఉత్తరాల మొదటి వాక్యంలో ఇటు క్షేమం చెప్పి అటు క్షేమం కోరేవారు. ఆ క్షేమం ఒక మనిషిది కాదు, ఇంటిది. అందువల్ల ‘మీరు బాగున్నారా?’ అని అడిగితే వృద్ధురాలు పిల్లల గురించి జవాబు చెబుతుంది. ‘మీ జీవితం పట్ల మీరు ఎంత సంతృప్తిగా ఉన్నారు?’ అన్న అనువాద ప్రశ్నకు ‘ఏదో వెళ్ళిపోతోంది’, ‘దేవుడి దయ’ వంటి సమాధానాలు వస్తాయి. వీటిని అయిదు అంకెల కొలబద్దపై ఎక్కడ పెట్టాలో ప్రశ్నావళి చెప్పదు. నిచ్చెన బొమ్మ కూడా తటస్థమైనది కాదు. వైకుంఠపాళి ఎరిగిన తరానికి నిచ్చెన అంటే పుణ్యఫలం. తాను పై మెట్టు మీద ఉన్నానని చెప్పుకోవడానికి వినయం అడ్డొస్తుంది.

అయితే వృద్ధులు తమ శ్రేయస్సును చెప్పలేరని కాదు. వేరే మాటల్లో చెబుతారు. ‘కాలూ చెయ్యీ ఆడుతున్నాయి’, ‘ఒకరి చేత చెప్పించుకోకుండా ఉన్నాను’, ‘చేతిలో పది రూపాయలు ఉన్నాయి’, ‘మంచాన పడకుండా వెళ్ళిపోతే చాలు’ - ఈ నాలుగు మాటల్లో శారీరక సామర్థ్యం, ఆత్మగౌరవం, సొంత ఆదాయం, పరాధీనత పట్ల భయం ఉన్నాయి. 2015లో ప్రపంచ ఆరోగ్యసంస్థ వెలువరించిన వార్ధక్య నివేదిక రోగం లేకపోవడాన్ని కాక, తాను విలువనిచ్చే పనులను చేయగలిగే సామర్థ్యాన్ని ఆరోగ్యకర వార్ధక్యానికి కేంద్రంగా తీసుకుంది. పల్లె నుడికారం ఆ నిర్వచనానికి చాలా దగ్గరగా ఉంది. ప్రశ్నావళిని అనువదించడం కంటే, నుడికారం నుంచి ప్రశ్నను నిర్మించడం మేలైన మార్గమని ఇది సూచిస్తుంది.

5. పింఛను - మొత్తం, అర్హత, అందే తీరు:

1995 ఆగస్టు 15న మొదలైన జాతీయ వృద్ధాప్య పింఛను 2007లో ఇందిరాగాంధీ పేరిట విస్తరించింది. 60 నుంచి 79 ఏళ్ళవారికి కేంద్రం వాటా నెలకు 200 రూపాయలే. ఎనభై దాటినవారికి 500. మిగిలినది రాష్ట్రం భరిస్తుంది. ఆంధ్రప్రదేశ్‌లో వృద్ధాప్య పింఛను 2014 అక్టోబరులో 1,000, 2019 జనవరిలో 2,000, అదే ఏడాది 2,250, 2022లో 2,500, 2023లో 2,750, 2024 జనవరిలో 3,000 రూపాయలకు పెరిగింది. 2024 జులై 1న బకాయిలతో కలిపి 7,000 అందించి, నెలకు 4,000 చేశారు. 2019లో సాధారణ అర్హత వయసును 65 నుంచి 60కి తగ్గించారు.

ఈ పెరుగుదల ఫలితాన్ని ఆదాయంగా మాత్రమే చూడకూడదు. దక్షిణాఫ్రికా వృద్ధాప్య పింఛనుపై ఎస్తేర్ డఫ్లో చేసిన అధ్యయనంలో, పింఛను నాయనమ్మ, అమ్మమ్మల చేతికి అందిన ఇళ్ళలో మనుమరాళ్ళ పోషణస్థితి మెరుగుపడింది. తాతల చేతికి అందినప్పుడు అలాంటి ఫలితం కనిపించలేదు. డబ్బు ఎంత అన్నదే కాదు, ఎవరి చేతికి అన్నదీ ముఖ్యం. సొంత పింఛను ఉన్న తల్లి కుటుంబంలో భారంగా కాక, ఎంతో కొంత ఇచ్చే మనిషిగా నిలుస్తుంది.

అయితే అర్హత నియమాల్లోనూ అసమానత చొరబడుతుంది. 2019 డిసెంబరు నాటి మార్గదర్శకాల ప్రకారం కుటుంబానికి మాగాణి మూడెకరాల లోపు లేదా మెట్ట పదెకరాల లోపు ఉండాలి. గ్రామీణ కుటుంబ ఆదాయం నెలకు పదివేలు, విద్యుత్ వాడకం 300 యూనిట్లు దాటకూడదు. మాగాణి, మెట్ట అనే విభజన రికార్డును బట్టి ఉంటుంది; పంట నీటిని బట్టి ఉంటుంది. కాలువ చివరి ఆయకట్టులో రికార్డుల్లో మాగాణిగా ఉన్న పొలానికి నీరందని ఏడాది ఆ రైతు వాస్తవంలో మెట్ట రైతు, నియమం దృష్టిలో మాగాణి రైతు. డెల్టాకు సరిపోయే గీత మెట్టకు అన్యాయం చేసే అవకాశం ఇక్కడ ఉంది. అలాగే ‘కుటుంబం’ అన్న మాట ఎంతో కీలకం. ఒకే కార్డులో ఉన్న కొడుకు ఆదాయం, వాహనం, కరెంటు బిల్లు తల్లి అర్హతను నిర్ణయిస్తాయి. కొడుకు సంపాదన తల్లికి అందుతుందన్న ఊహ మీద ఈ నియమం నిలబడింది. ఆ ఊహ ప్రతి ఇంట్లో నిజం కాదు.

కుటుంబానికి ఒకే పింఛను అన్న నియమం దంపతుల విషయంలో మరొక చిక్కు తెచ్చింది. పింఛను భర్త పేరున ఉంటే అతడి మరణంతో అది ఆగిపోయేది. భార్య మళ్ళీ దరఖాస్తు చేసుకుని మంజూరు కోసం ఎదురుచూడవలసి వచ్చేది. 2024 చివర నుంచి మరణించిన పింఛనుదారు భార్యకు వెంటనే పింఛను ఇచ్చే ఏర్పాటు రావడం ఈ లోపానికి ఆలస్యంగా అందిన దిద్దుబాటు.

అందే తీరు కూడా శ్రేయస్సులో భాగమే. 2020 నుంచి వాలంటీర్లు ఇంటివద్దే పింఛను ఇచ్చేవారు. 2024 ఎన్నికల సమయంలో ఎన్నికల సంఘం వారిని ఆ పని నుంచి తప్పించింది. మే నెలలో చాలామందికి బ్యాంకు ఖాతాల్లో జమ చేయడంతో ఎండలో బ్యాంకుల వరకు వెళ్ళవలసి వచ్చింది. జులై నుంచి సచివాలయ ఉద్యోగులు మళ్ళీ ఇంటికి తెచ్చి ఇస్తున్నారు. మొత్తం మారకపోయినా, నడవలేని మనిషికి ఇంటివద్ద అందే పింఛను, బ్యాంకులో పడే పింఛను ఒకటి కావు. సేన్ మాటల్లో చెప్పాలంటే వనరు వేరు, వనరును వినియోగించుకునే సామర్థ్యం వేరు.

6. కుటుంబం - వంతులు, మనోవర్తి, చట్టం:

తెలుగు కుటుంబాల్లో వృద్ధుల పోషణకు రెండు పాత ఏర్పాట్లున్నాయి. మొదటిది మనోవర్తి. ఆస్తి పంపకంలో తల్లిదండ్రుల జీవితకాలానికి కొంత భూమిని లేదా ఏటా ఇంత ధాన్యాన్ని ప్రత్యేకించడం ఇందులో ఉంది. రెండవది వంతు. తల్లిదండ్రులు కొడుకుల ఇళ్ళలో నెలల వంతున ఉంటారు. కొన్నిచోట్ల తండ్రి ఒక కొడుకు దగ్గర, తల్లి మరో కొడుకు దగ్గర ఉంటారు. మొదటి ఏర్పాటులో వృద్ధుల చేతిలో ఆస్తి ఉంటుంది, పిల్లలు వారి వద్దకు వస్తారు. రెండవ ఏర్పాటులో ఆస్తి పిల్లల చేతిలో ఉంటుంది, వృద్ధులు సంచి పట్టుకుని తిరుగుతారు. తిండికి లోటు లేకపోయినా, తనదంటూ ఒక ఇల్లు లేకపోవడం శ్రేయస్సుకు లోటే. వంతుల పద్ధతిలో దంపతులను విడదీసినప్పుడు ఆ లోటు రెట్టింపవుతుంది. ఇదంతా సర్వేలో ‘పిల్లలతో కలిసి నివసిస్తున్నారు’ అన్న ఒక్క మాటగా, సానుకూల అంశంగా నమోదవుతుంది.

భూమి విలువ పెరిగినకొద్దీ వృద్ధుల పేరున మిగిలిన భూమిపై ఒత్తిడి పెరుగుతుంది. ఇక్కడే 2007 నాటి తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం ప్రాసంగికత ఉంది. ట్రిబ్యునల్ నెలకు పదివేల రూపాయల వరకు పోషణ మొత్తం నిర్ణయించవచ్చు. న్యాయవాది అవసరం లేకుండానే దరఖాస్తు చేసుకోవచ్చు. నోటీసు అందిన 90 రోజుల్లో తేల్చాలన్నది నియమం. 23వ సెక్షన్ ప్రకారం, చూసుకుంటారన్న షరతుతో రాసిచ్చిన ఆస్తిని, చూసుకోనప్పుడు రద్దు చేయించవచ్చు. ఆ షరతు ఉన్నట్లు నిరూపించాలని 2022లో సుదేశ్ ఛికారా కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. 2025 జనవరిలో ఊర్మిళా దీక్షిత్ కేసులో, చట్టం వృద్ధుల మేలుకోసం వచ్చింది కనుక దానిని ఉదారంగా అన్వయించాలని పేర్కొంది. దస్తావేజులో ‘పోషణ చేయవలెను’ అన్న ఒక్క వాక్యం ఉంచుకోవడం ఎంత ముఖ్యమో ఈ రెండు తీర్పులూ కలిపి చదివితే అర్థమవుతుంది. అది పాత మనోవర్తి ఏర్పాటులోని వివేకమే.

ఈ చట్టం కింద ట్రిబ్యునల్‌కు రెవెన్యూ డివిజనల్ అధికారి స్థాయి అధికారి అధ్యక్షత వహిస్తారు. 2022కు ముందు ఈ ప్రాంతం విజయవాడ డివిజన్‌లో ఉండేది. జగ్గయ్యపేట నుంచి విజయవాడ 75 కిలోమీటర్లకు పైబడిన దూరం. జిల్లాల పునర్వ్యవస్థీకరణలో నందిగామ రెవెన్యూ డివిజన్ కేంద్రం కావడంతో ఆ దూరం సగానికంటే తగ్గింది. హక్కు 2007లో వచ్చింది. హక్కును అడిగే చోటు దగ్గరకు రావడానికి మరో పదిహేనేళ్ళు పట్టింది.

చట్టంలో ఒక వైరుధ్యమూ ఉంది. పోషణ బాధ్యత కొడుకుతో సమానంగా కూతురిపైనా ఉంది. కాని ఆస్తి పంపకంలో వాటా అందని కూతుళ్ళు ఈ ప్రాంతంలో ఎందరో ఉంటారు. మరోవైపు రోజువారీ సేవ ఎక్కువగా కోడలు చేస్తుంది. చట్టంలో ఆమె ప్రస్తావన లేదు. ఆస్తి ఒకరికి, బాధ్యత ఇద్దరికి, శ్రమ మూడో మనిషికి అన్న ఈ పంపిణీని విస్మరించి వృద్ధుల పోషణను ‘విలువల పతనం’గా మాత్రమే వివరించడం అసంపూర్ణం.

7. క్షేత్ర పరిశోధనకు కొన్ని మెళకువలు:

2017-18లో జరిగిన భారత వార్ధక్య దీర్ఘకాలిక అధ్యయనం 45 ఏళ్ళు, అంతకు మించినవారు, వారి జీవిత భాగస్వాములు కలిపి 72 వేల మందికి పైగా వ్యక్తుల సమాచారం సేకరించింది. అది రాష్ట్ర స్థాయి చిత్రాన్ని ఇవ్వగలదు. మండలాల తేడాలను చూపడం దాని ఉద్దేశం కాదు. ఆ ఖాళీని పూరించేది స్థానిక పరిశోధనే. అందుకు ఈ ప్రాంతంలో మూడు జాగ్రత్తలు అవసరం.

మొదటిది వయసు నిర్ధారణ. జనన నమోదు లేని తరం తమ వయసును 60, 65, 70 వంటి గుండు సంఖ్యల్లో చెబుతుంది. ఆధార్‌లోని సంవత్సరం కూడా చాలాసార్లు అంచనాయే. పింఛను అర్హత ఆ అంకెపైనే ఆధారపడి ఉంటుంది. గాంధీజీ మరణం, ఆంధ్రరాష్ట్ర అవతరణ, సాగర్ కాలువలో నీరు రావడం, 1977 నాటి దివిసీమ ఉప్పెన వంటి సంఘటనలతో పోల్చి వయసు రాబట్టే పద్ధతి ఇక్కడ బాగా పనికివస్తుంది.

రెండవది సంభాషణ స్థలం. కొడుకు, కోడలు పక్కన ఉండగా అడిగిన ప్రశ్నకు వచ్చే సమాధానం ఇంటి పరువును కాపాడే సమాధానం. వృద్ధురాలితో విడిగా మాట్లాడే వీలు కల్పించుకోవడం పద్ధతికీ, నైతికతకూ అవసరం.

మూడవది రుతువు. పత్తి తీతలు, మిరప కోతల కాలంలో ఆదాయం, తిండి, కుటుంబంలో గౌరవం ఒక రకంగా ఉంటాయి. వేసవిలో మరో రకంగా ఉంటాయి. మునేరు వరదలు 2023 జులైలోనూ, 2024 సెప్టెంబరులోనూ నందిగామ వద్ద జాతీయ రహదారిని ముంచెత్తాయి. అలాంటి రోజుల్లో మందులు, వైద్యం అందని బాధ ముందుగా తగిలేది వృద్ధులకే. ఒక్కసారి తీసుకున్న సమాచారం ఈ హెచ్చుతగ్గులను పట్టుకోలేదు.

8. ముగింపు:

1. వార్ధక్యంలోని అసమానత వార్ధక్యంలో పుట్టదు. మెట్ట కృష్ణాలో నీరు ఆలస్యంగా రావడం, చదువు అందకపోవడం, ఆస్తిహక్కు చట్టం ఒక తరం స్త్రీలను దాటిపోవడం కలిసి నేటి వృద్ధుల స్థితిని నిర్ణయించాయి.

2. డెల్టాతో కలిసినా, విజయవాడతో కలిసినా జిల్లా సగటు మెట్టను కనిపించనివ్వదు. మండల స్థాయి, వీలైతే ఆయకట్టు స్థాయి అధ్యయనాలు అవసరం.

3. ‘సంతృప్తి’ అన్న సమాధానాన్ని యథాతథంగా స్వీకరించరాదు. శ్రేయస్సును తెలుగు వృద్ధుల నుడికారంలోనే అడిగి, వారి శారీరక సామర్థ్యం, నిర్ణయాధికారంతో సరిపోల్చాలి. ఈ పనిలో తెలుగు శాఖల పరిశోధకులు సామాజికశాస్త్ర పరిశోధకులతో చేతులు కలపవలసి ఉంది.

4. పింఛను మొత్తంతో పాటు భూమి వర్గీకరణ, కుటుంబ నిర్వచనం, అందే తీరు కూడా శ్రేయస్సును నిర్ణయిస్తాయి. కాలువ చివరి భూముల విషయంలో మాగాణి, మెట్ట గీతను వాస్తవ నీటి లభ్యతతో సరిచూడవలసి ఉంది.

5. పోషణ చట్టం గురించిన అవగాహన ఆస్తి రాసిచ్చిన తరువాత కాదు, రాసిచ్చే ముందు కలగాలి. మనోవర్తి సంప్రదాయాన్ని నేటి దస్తావేజు భాషలోకి తీసుకురావడం వృద్ధుల గౌరవాన్ని కాపాడే ఆచరణాత్మక మార్గం.

నేడు నలభైల్లో ఉన్న పత్తి కౌలురైతు, సిమెంటు కాంట్రాక్టు కార్మికుడు, మిరప కూలీ మరో ఇరవై ఏళ్ళలో వృద్ధులవుతారు. అప్పటి అసమానత ఇప్పుడే, వారి పొలంలో, పని రికార్డులో, పంపకపు కాగితంలో రూపుదిద్దుకుంటోంది. కాబట్టి వార్ధక్య అధ్యయనం వృద్ధులతో ఆగేది కాదు. వారికంటే ముందే మొదలు కావలసినది.